ఊరి గుమ్మంలో అడవి!

"అరకు రైలుకి టికెట్లు లేవు. అద్దాల పెట్టెలో అసలే లేవు!"

ఫోనులోంచి తలెత్తి మా బావ ఈ మాట చెప్పగానే పిల్లలు ముగ్గురి మొహాలూ వాడిపోయాయి. సంక్రాంతి సెలవులకు మా చెల్లెలి కుటుంబం హైదరాబాద్ నుంచి విశాఖ వచ్చి అప్పటికి రెండు రోజులైంది. ఆర్కే బీచ్ అయింది, జలాంతర్గామి మ్యూజియం అయింది, కైలాసగిరి రోప్‌వే అయింది. ఇక మిగిలింది అరకే. కానీ జనవరిలో అరకు వెళ్లాలనుకున్నది మేమొక్కళ్లమే కాదు కదా!

పడక్కుర్చీలోంచి నాన్న అందుకున్నారు. "కొండా అడవీ చూడ్డానికి అంత దూరం ఎందుకర్రా? మన కంబాలకొండ లేదూ!" అని, కాసేపాగి, "నేనూ వస్తాను" అన్నారు.

ఆ రెండో మాటకే అందరం ఆశ్చర్యపోయాం. పోర్టులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఆయన. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక వీధి చివరి పాలబూతు దాకా వెళ్లడమే గగనం. "కొండెక్కలేవు నాన్నా" అంది చెల్లి. "ఎక్కనులే. గేటు దగ్గర కూర్చుంటాను" అన్నారాయన.

అసలు సంగతి తర్వాత చెప్పారు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవారు నాన్న. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, రాత్రంతా నడిచి, 32 కిలోమీటర్లు చుట్టి వచ్చేవారు. "అడవివరం దాటి ముడసర్లోవ దగ్గరికి వచ్చేసరికి కుడిచేతి వైపు అప్పన్న కొండ. ఎడమచేతి వైపు ఇంకో కొండ నల్లగా కనపడేది. అటునుంచి ఒక చల్లగాలి వచ్చేది చూడు... కాళ్ల నొప్పులు ఎగిరిపోయేవి. ఇరవయ్యేళ్లు ఆ కొండ పక్క నుంచే నడిచాను. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు."

ఆ ఎడమచేతి వైపు కొండలే కంబాలకొండ.

హైవే దాటితే చాలు!

పొద్దున్నే రెండు ఆటోల్లో బయల్దేరాం. హనుమంతవాక జంక్షన్ దాటి మధురవాడ వైపు వెళ్తుంటే జాతీయ రహదారికి కుడివైపు జూపార్కు వస్తుంది. ఎడమవైపు తలెత్తి చూస్తే కొండలు. అక్కడే కంబాలకొండ అభయారణ్యం గేటు. లారీల హారన్లు, బస్సుల రొద, రోడ్డు పక్క ఇడ్లీబండి... ఇక్కడ అడవేంటనిపిస్తుంది ఎవరికైనా. టికెట్లు తీసుకుని లోపలికి పది నిమిషాలు నడిచామో లేదో, ఆ రొద ఎవరో గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. బదులుగా పికిలిపిట్టల అరుపులు, ఎండుటాకుల మీద ఉడత పరుగులు. చలికి మా చెల్లి పమిట చెంగు చెవులకు చుట్టుకుంది.

"మావయ్యా, పులుందా?" అని అడిగాడు మేనల్లుడు. వాడికి ఎనిమిదేళ్లు.

పులి లేదు. చిరుత ఉంది. ఇంకా దుప్పులు, కణుజులు, కొండగొర్రెలు, అడవిపందులు, నక్కలు, ముళ్లపందులు, పునుగుపిల్లులు ఉన్నాయి. రక్తపింజర, నాగుపాము సంగతి పిల్లలకు చెప్పలేదు గానీ, దారి వదిలి పొదల్లోకి అడుగు పెట్టకూడదని మాత్రం గట్టిగా చెప్పాం.

సుమారు 71 చదరపు కిలోమీటర్లు... అంటే పదిహేడు వేల ఎకరాలకు పైమాటే! ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేదట ఈ అడవి. 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది. అప్పటికి విశాఖ ఇంత లేదు. 1901 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనం సుమారు 40 వేలు. 1933లో పోర్టు వచ్చింది, తర్వాత షిప్‌యార్డు, నౌకాదళం, రిఫైనరీ వచ్చాయి. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 2011 లెక్కలకు వచ్చేసరికి నగర జనాభా 17 లక్షలు దాటింది. ఊరు పెరిగి పెరిగి కొండ గుమ్మం దాకా వచ్చింది. కొండ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది.

'జాతీయ పార్కు' అన్న పేరు దీనికి లేదు, ఇది అభయారణ్యం. జాతీయ పార్కులో పశువుల్ని మేపడానికీ వీల్లేదు. అభయారణ్యంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కొన్ని హక్కులు ఉండొచ్చు. మన రాష్ట్రంలో కొండల మీది జాతీయ పార్కు చూడాలంటే గోదావరి ఒడ్డున 2008లో ప్రకటించిన పాపికొండలకో, తిరుమల శేషాచలం అడవులకో వెళ్లాలి. కానీ సిటీ బస్సు దిగి నడిచి వెళ్లగలిగే అడవి కావాలంటే... ఇదిగో, ఇదే!

చూడ్డం కాదు, వినడం

దారి చూపించడానికి దగ్గరి ఊరి కుర్రాడొకడు వచ్చాడు. కొండల నడుమ ఉన్న శంభువానిపాలెం లాంటి ఊళ్ల వాళ్లు వన సంరక్షణ సమితులుగా ఏర్పడి అటవీశాఖతో కలిసి పనిచేయడం ఇక్కడ ఎప్పట్నుంచో ఉంది. కట్టెల కోసం కొండెక్కిన చేతులే ఇప్పుడు పర్యటకులకు దారి చూపిస్తున్నాయన్నమాట.

మా పిల్లల అరుపులు విని అతను నవ్వాడు. "ఇలా అరిస్తే ఏదీ కనపడదు బాబూ. అల్లదిగో... ఆ జూలో జంతువులు మన కోసం ఉంటాయి. ఇక్కడియి వాటి కోసం అవుంటాయి. మనమే సుట్టాలం. సుట్టాల్లా ఉండాల" అన్నాడు.

'ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు' అని పందెం పెట్టాడు. పిల్లలకు పందెమంటే చాలు కదా! మొదటి నిమిషం మూతులు బిగించుకుని నవ్వు ఆపుకున్నారు. రెండో నిమిషం నుంచి కళ్లు తెరిచారు. ఒక చెట్టుకు ఆకుల్ని కలిపి కుట్టినట్టున్న గూడు. అది కొరుకుడు చీమలదట! కింద మట్టిలో గిట్టల గుర్తులు, రాత్రి అడవిపందులు దుంపల కోసం ముట్టెతో తవ్విన గుంటలు. కాస్త ముందుకెళ్లాక మా అమ్మాయికి నలుపూ తెలుపూ చారల పుల్ల ఒకటి కనపడింది. ముళ్లపంది ముల్లు! తీసుకుంటానంటే అతను ఒప్పుకోలేదు. "అడివిలోది అడివిలోనే" అన్నాడు. ఫొటో తీసుకుని అక్కడే పెట్టేసింది.

దూరంగా నెమలి కూత వినిపించింది. కనపడలేదు. అయినా పిల్లలు దాని గురించే మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు.

పక్షుల్ని చూసే అలవాటున్నవాళ్లకు ఈ కొండ పండగే. చలికాలంలో వలస పిట్టలు వస్తాయి. వేసవి చివర, తొలకరికి ముందు వస్తే పొన్నంగి పిట్ట కనిపించే అవకాశం ఉంటుంది. ఆకుపచ్చ వీపు, ఎర్రటి పొట్ట కింద, రెక్కల మీద నీలం... రంగులపెట్టె ఒలికినట్టుంటుందది. పొద్దున, సాయంత్రం ఈలేస్తుంది. ఇక్కడా అదే సూత్రం, ముందు చెవికి దొరుకుతుంది, ఆ తర్వాతే కంటికి!

నడుస్తుంటే కాళ్ల కింద రాళ్లు ఎర్రగా, తుప్పు పట్టిన ఇనుములా కనిపించాయి. ఈ కొండల రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరే ఈ రాయికి పెట్టారు. ఉక్కు నగరంలో కొండ కూడా తుప్పు రంగులో ఉండటం చూసి మా బావ తెగ మురిసిపోయాడు.

తాడు మీద నడక!

అడవి మధ్యలో చిన్న చెరువు. చుట్టూ కొండలు, మధ్యలో నిశ్చలంగా నీళ్లు. ఒడ్డున కొమ్మ మీద లకుముకి పిట్ట ఒకటి చాలాసేపు కదలకుండా కూర్చుని, ఉన్నట్టుండి నీళ్లలోకి దూకి చేపతో లేచింది. నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో పడవ షికారు ఉంటుంది.

ఇక్కడి సాహస క్రీడల్లో ఎక్కువ భాగం చెట్ల మధ్యే. తాళ్ల వంతెనలు, చెట్టు నుంచి చెట్టుకు చెక్కల మీద నడక, తీగకు వేలాడుతూ జారుకుంటూ వెళ్లే జిప్‌లైన్. నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ పెట్టాకే ఎక్కిస్తారు. హైదరాబాద్ మాల్‌లో ఇలాంటివి చాలా చేశానని గొప్పలు పోయిన మా పెద్ద మేనల్లుడు తాళ్ల వంతెన సగం దాకా వెళ్లి బిగుసుకుపోయాడు. మాల్‌లో కింద మెత్తటి పరుపులుంటాయి, ఇక్కడ కింద నేల, పక్కన చెట్టు, గాలికి ఊగే తాడు. "కిందకి సూడకు బాబూ, ఎదర సెట్టు సూడు" అని కుర్రాడు ధైర్యం చెప్పాక ఒక్కో అడుగే వేసి అవతలికి చేరాడు. దిగాక వాడి మొహం చూడాలి... పదో తరగతి పాసైనా అంత వెలిగిపోదు!

ఆ తర్వాత మేం నలుగురం కుర్రాడితో కలిసి ట్రెక్కింగ్ దారి పట్టాం. అడవి పొదలు, రాళ్ల ఎక్కుడు. అరగంటకే ఆయాసం. కాస్త ఎత్తుకెళ్లి వెనక్కి తిరిగితే... చెట్ల పైన నీలంగా సముద్రం! మధ్యలో సన్నటి గీతలా హైవే, దాని మీద చీమల్లా లారీలు. ఇటు అడవి, అటు సముద్రం, నడుమ మన ఊరు. బీచ్‌లో నిల్చుని చూస్తే ఊరు చాలా పెద్దదనిపిస్తుంది. ఇక్కణ్నుంచి చూస్తే రెండు పెద్ద వస్తువుల మధ్య ఇరుక్కున్న చిన్న వస్తువులా ఉంది.

ఆ ఆదివారం...

అక్కడ నిల్చున్నప్పుడు నాకు 2014 అక్టోబరు 12 గుర్తొచ్చింది. విశాఖవాళ్లెవరూ మర్చిపోలేని ఆదివారం. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుపాను సరాసరి మన ఊరి మీదకే వచ్చింది. తర్వాతి రోజు మేడెక్కి చూస్తే కొండలు కనపడలేదు. అంటే... ఉన్నాయి, కానీ అవి మా కొండల్లా లేవు. ఒక్క ఆకు లేదు. చెట్లు విరిగినవి విరిగాయి, మిగిలినవి మాడిపోయినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. వాటి కోసం జనం తిట్టుకున్నారు. నాన్న మాత్రం రోజూ పొద్దున మేడెక్కి కొండవైపు చూసి ఏమీ మాట్లాడకుండా దిగి వచ్చేవారు.

కొన్ని వారాలకు ఒక పొద్దున "చిగురేసిందిరా" అన్నారు. చూస్తే నిజమే. మోడుల మీద పచ్చటి నలుసులు. ఎవరూ నీళ్లు పోయలేదు. కొండే లేచి నిల్చుంది.

ఈ అడవి మనకేం చేస్తోందన్నది లెక్కేసుకుంటే చాలా ఉంది. ఈ కొండల మీద పడ్డ వాన వాగులై వెళ్లి ముడసర్లోవ జలాశయంలో చేరుతుంది. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి నగరానికి తాగునీరిచ్చిన చెరువది. అడవి ఉంటే వాననీరు మెల్లగా నేలలోకి ఇంకుతుంది. లేకపోతే మట్టిని కోసుకుంటూ ఒక్కపెట్టున కిందికి దూకుతుంది. మే నెల ఎండల్లో కాంక్రీటు వీధుల్లోంచి ఇటువైపు వస్తే ఆ తేడా మన ఒంటికే తెలుస్తుంది.

ఇప్పుడు కొండకు గాలివాన భయం కన్నా మన భయమే ఎక్కువ. ఒక పక్క రోడ్లు, ఒక పక్క కాలనీలు. వేసవిలో ఎవరో పారేసిన అగ్గిపుల్లకు అంటుకునే మంటలు, పిక్నిక్‌లకు వచ్చినవాళ్లు వదిలేసే కవర్లు, సీసాలు. దారిలో మేమే పన్నెండు నీళ్ల సీసాలు ఏరాం. మా అమ్మాయి లెక్కపెట్టింది. గాలివాన విరగ్గొట్టింది చిగురేస్తుంది. కాంక్రీటు కప్పేసింది చిగురెయ్యదు.

అదే గాలి!

దిగి వచ్చేసరికి గేటు దగ్గర ఉంటానన్న నాన్న అక్కడ లేరు! చెల్లి కంగారు పడిపోయింది. చూస్తే, చెరువు ఒడ్డున చప్టా మీద చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అక్కడి ఉద్యోగి ఒకాయన చెయ్యి పట్టుకుని, నాలుగుచోట్ల కూర్చోబెట్టి, మెల్లగా నడిపించుకొచ్చారట. "తాతగారు గేటు కాడే ఉండిపోతే మాకేటి బావుంటాది?" అన్నారాయన.

పులిహోర డబ్బా విప్పాం. తిన్నాక ఆకులూ కవర్లూ సంచిలో కట్టేశాం. పిల్లలు తాతయ్య చుట్టూ చేరి తాళ్ల వంతెన గురించి, ముళ్లపంది ముల్లు గురించి ఒకళ్ల మీద ఒకళ్లు పడి చెబుతున్నారు. ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నారు. "ఉష్... వినండి."

కొండ మీద నుంచి గాలి వచ్చింది. చెరువు నీళ్ల మీద సన్నటి ముడతలు పడ్డాయి. ఆకులన్నీ ఒక్కసారి కదిలి ఆగాయి. నాన్న కళ్లు మూసుకున్నారు.

"ఇదేరా ఆ గాలి" అన్నారు.

సాయంత్రం ఆటో ఎక్కుతూ చిన్న మేనల్లుడు "తాతయ్యా, వచ్చే ఏడు కూడా అరకు టికెట్లు దొరక్కుండా ఉంటే బావుణ్ను" అన్నాడు. మా బావ వాడి వైపు చూసి ఫోను జేబులో పెట్టేశాడు.

వెళ్లాలనుకుంటే...

* విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సుమారు 10 కిలోమీటర్లు. మధురవాడ వైపు వెళ్లే సిటీ బస్సులు, ఆటోలు దొరుకుతాయి. జూపార్కు గుర్తు చెబితే చాలు.

* అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. గేటు తెరవగానే వెళ్తే పిట్టలు ఎక్కువగా కనిపిస్తాయి. వేసవిలో ట్రెక్కింగ్ పిల్లలకూ పెద్దలకూ కష్టం. వానల్లో రాళ్లు జారతాయి.

* పడవలు, జిప్‌లైన్ అన్ని రోజులూ ఉండకపోవచ్చు. ఏవి నడుస్తున్నాయో, టికెట్ ధర ఎంతో గేటు దగ్గర ముందే కనుక్కోండి. గైడు లేకుండా ట్రెక్కింగ్‌కు వెళ్లొద్దు.

* కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు, మట్టిరంగు లేదా ఆకుపచ్చ బట్టలు మంచివి. మనిషికో లీటరు నీళ్లు, టోపీ, ఉంటే బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. పాటల పెట్టెలు, అగ్గిపెట్టెలు ఇంట్లోనే ఉంచండి. తీసుకెళ్లిన ప్రతి కవరూ తిరిగి తెచ్చుకోండి.

* రోజంతా గడపాలంటే ఎదురుగానే 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జూపార్కు ఉంది. సోమవారం దానికి సెలవు. భీమిలి దారిలో తొట్లకొండ మీద బౌద్ధారామ శిథిలాలు ఉన్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు. అక్కణ్నుంచి సముద్రం చూడ్డం ఓ అనుభూతి. నడక ఇష్టమైనవాళ్లు మాధవధార నుంచి సింహాచలం కొండ మీదుగా మెట్లదారి పట్టొచ్చు.

* అరకు టికెట్లు దొరికితే వదులుకోకండి! బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకు చేర్చడానికి 1960ల్లో కొండల్ని తొలిచి వేసిన కొత్తవలస- కిరండూల్ లైను అది. యాభైకి పైగా సొరంగాల్లోంచి వెళ్తుంది. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె ఉంది. బొర్రా గుహల దగ్గర దిగితే కటికి జలపాతం దాకా జీపులో వెళ్లి, ఆపైన నడవొచ్చు. అక్కడ బొంగులో చికెన్ రుచి చూడటం మర్చిపోవద్దు. 2022లో జిల్లాలు విడిపోయాక బొర్రా, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. దారి మాత్రం ఇప్పటికీ విశాఖ నుంచే!